ఒకటో నంబరు చొక్కా

కాలినా, సస్కాచెవాన్
28 జనవరి 1944

అర్మాండ్ బౌద్రో గారికి,

నా పేరు పరాస్కా హావ్రిలుక్. ఓస్తాప్ తల్లిని. నాకు ఇంగ్లీషు రాదు. నేను మా భాషలో చెబుతుంటే నా కూతురు హాఫియా ఇంగ్లీషులో రాస్తోంది. ఒక్క ముక్క కూడా అటూ ఇటూ మార్చనని దాని చేత ఒట్టు వేయించుకున్నాను.

నా కొడుకు ఇటలీలో చనిపోయాడని ఈ నెల మధ్యలో తంతి వచ్చింది. మీ ఊరి పేపర్లో కూడా వేశారట. స్టేషన్ మాస్టరు ఆ పేపరు తెచ్చి ఇచ్చాడు. అందులో మా వాడు ఆడిన మీ హాకీ జట్టు ఫొటో ఉంది, కింద పేర్లు వేశారు. మా వాడి చొక్కా మీ ఒంటి మీద ఉంది. గుండెల మీద పెద్ద ఒకటి అంకె ఉన్న నీలం ఉన్ని చొక్కా. ఎడమ భుజం దగ్గర అతుకు చూసి పోల్చుకున్నాను. ఒక వేసవిలో వాడు దాన్ని చింపుకుని ఇంటికి వస్తే ఆ అతుకు నేనే వేశాను.

మిమ్మల్ని కొన్ని అడగాలి. ఆ చొక్కా మీకు ఎవరు ఇచ్చారు? ఎప్పటి నుంచి వేసుకుంటున్నారు? మీ ఎత్తెంత, ఛాతీ ఎంత? పెళ్లయిందా? తాగుతారా? ఆదివారం చర్చికి వెళతారా? మీ అమ్మ బతికి ఉందా?

దాచకుండా రాయండి. ఆలస్యం చేయవద్దు.

పరాస్కా హావ్రిలుక్

(హాఫియా రాస్తున్నాను. అమ్మ చెప్పింది చెప్పినట్టే రాశాను, ఏమీ అనుకోవద్దు. పేపర్లోని ఆ ఫొటో మసగ్గా ఉంది, అందులో అతుకు ఎవరికీ కనిపించదు. అమ్మకు కనిపించిందట.)


హామిల్టన్, ఒంటారియో
6 ఫిబ్రవరి 1944

పెద్దలు పరాస్కా అమ్మగారికి,

మీ ఉత్తరం గట్టిగా చదివి వినిపిస్తే నా భార్య క్లోతిల్ద్ వంటింటి కుర్చీలో కూలబడింది. "పాపం, కొడుకును పోగొట్టుకున్న మనిషి. ఆ చొక్కా నీ మీద చూసి ఎంత మండిపోయి ఉంటుందో" అంది. నాకూ అలాగే అనిపించింది. ముందు మీరు అడిగినవాటికి జవాబులు చెబుతాను.

ఓస్తాప్ సైన్యంలో చేరిన వారమే క్లబ్బు వాళ్లు ఆ జెర్సీ నాకిచ్చారు. గోల్ కీపర్‌కు మా క్లబ్బులో ఒకటో నంబరే ఇస్తారు. కుర్రవాళ్లంతా యుద్ధానికి పోయారు కాబట్టి నాలాంటి ముసలి గుర్రాలను కొట్టం నుంచి బయటికి లాగారు. పగలు ఉక్కు ఫ్యాక్టరీలో పని, సాయంత్రాలు ఆట. ఎత్తులో మీ అబ్బాయి భుజం దాకా వస్తాను. ఛాతీ కంటే పొట్ట ఎక్కువ. క్లోతిల్ద్ రెండు పక్కలా పట్టీలు వేసి కుడితే గాని ఆ జెర్సీ నా ఒంటి మీదికి దిగలేదు. శనివారాలు మాత్రం ఒక బీరు తాగుతాను. చర్చికి వెళతాను. మా అమ్మ పోయి చాలా కాలమైంది.

మీ అబ్బాయి పక్కన నిలబడే పాటి ఆటగాణ్ని కాదమ్మా. అతను గోల్‌లో ఉంటే పక్కు, అదే మేం మంచు మీద కొట్టే రబ్బరు బిళ్ల, వచ్చే దారి ముందే తెలిసినట్టు అక్కడ ఉండేవాడు. నాకు అది నెట్టులో పడ్డాక తెలుస్తుంది. జనం కూడా ఊరుకోవడం లేదు. "హావ్రిలుక్ చొక్కా విప్పరా, దాని పరువు తియ్యకు!" అని మొన్న ఒకడు అరిస్తే పక్కవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

అందుకని మీ ఉత్తరం అందిన మర్నాడే క్లబ్బు యజమాని ఫెయిర్లీ గారి దగ్గరికి వెళ్లాను. జెర్సీ ఉతికి, మడతపెట్టి, ఆయన బల్ల మీద పెట్టి, ఇక దీన్ని ఎవరూ వేసుకోకుండా చూడండి అన్నాను. ఆయన చాలా సంతోషించారు. నిన్న శనివారం ఆట మొదలయ్యే ముందు దీపాలు తగ్గించి, బాకా ఊది, ఆ జెర్సీని మేం ఆడే మంచు రింకు కప్పు కింద దూలానికి ఎక్కించారు. ఇకపై ఈ క్లబ్బులో ఎవరికీ ఒకటో నంబరు ఉండదని ప్రకటించారు. జనమంతా లేచి టోపీలు తీశారు. సైన్యం జట్టులో హాకీ ఆడుతూ ఇక్కడే ఉండిపొమ్మన్నా వినకుండా ఓడ ఎక్కిన వీరుడని ఫెయిర్లీ గారు ప్రసంగించారు. ఆడవాళ్లు ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

ఒక ఆటగాడికి ఇంతకు మించిన గౌరవం లేదమ్మా. నాకు ఇప్పుడు ఇరవయ్యో నంబరు ఇచ్చారు. మీ మనసు కొంచెం కుదుటపడుతుందని ఆశిస్తాను.

మీ విధేయుడు
అర్మాండ్ బౌద్రో


కాలినా
14 ఫిబ్రవరి

అర్మాండ్,

ఎంత పని చేశావయ్యా!

ఆ చొక్కా నీకు సరిపోయిందా, నువ్వు దానికి తగిన మనిషివా అని అడిగితే, దాన్ని తీసుకుపోయి దూలానికి వేలాడదీశావా? పొట్ట దగ్గర పట్టీలు వేసుకుని మరీ తొడుక్కున్నావని చదివినప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో తెలుసా? హాఫియాను ఆపి ఆ ముక్క రెండోసారి చదివించుకున్నాను. ఆ తర్వాత ముక్క చదివి అది కాగితం బల్ల మీద పెట్టేసింది.

మీలో ఈ పద్ధతి లేదా? పోయినవాడి బట్టలు నలభయ్యో రోజు లోపల బతికున్న ఒంటి మీదికి చేరాలి. తీసుకున్న మనిషి ఆ రోజు వాటిని తొడుక్కుని వచ్చి పోయినవాడి చోట కూర్చోవాలి. తల్లి వడ్డించాలి. అతను కడుపునిండా తిని, చేతులు తుడుచుకుని, వాడి పేరు చెప్పి దణ్ణం పెట్టాలి. అప్పుడుగాని పోయినవాడు గుమ్మం దిగి తన దారిన వెళ్లడు. ఇది లోకమంతా ఉన్నదే అనుకున్నాను. చెప్పాల్సిన పని ఉందనుకోలేదు.

వాడి బూట్లు పాలేరుకు ఇచ్చాను. గొర్రెతోలు కోటు బండి తోలే ముసలాయనకు ఇచ్చాను. కానీ అవి వాడు ఇంట్లో వేసుకున్నవి. ఆరేళ్లు వాడు చెమటోడ్చింది ఆ నీలం చొక్కాలో. ఎవడో రాయిలాంటిది గురిచూసి కొడుతుంటే అడ్డంగా నిలబడటం కూడా ఒక ఉద్యోగమేనా అని నేను దెప్పేదాన్ని. "అమ్మా, కాలవలో పడబోయే కోడిపిల్లలను నువ్వు చెంగుతో అడ్డుకుంటావే, అదే పని, జీతం మాత్రం ఎక్కువ" అనేవాడు. వాడి పని బట్టలు అవి. అవి నీ మీదకు చేరాయి. ఇవ్వాల్సిన చోటికి దేవుడే ఇచ్చాడు, నేను పిలిచి అన్నం పెట్టడమే మిగిలింది అనుకున్నాను. అందుకే ఆరా తీశాను. వాడి చోట కూర్చునే మనిషి తాగుబోతు కాకూడదు కదా.

నా చిన్నప్పుడు, సముద్రానికి అవతల మా పాత ఊళ్లో, విషజ్వరం వచ్చి మా మేనమామ పోయాడు. ఆయన చొక్కా ముట్టుకోవడానికి అందరికీ భయం. కంచె మీద వేసేశారు. వానకు తడిసి, ఎండకు ఎండి, పీలికలయ్యేదాకా అక్కడే ఉంది. మాలో ఎవరూ తొడుక్కోని చొక్కా అంటే అదే. ఇప్పుడు నా కొడుకు చొక్కాను అలా వేలాడదీసి, ఎవరూ ముట్టుకోవద్దని చాటింపు వేసి, టోపీలు తీశారని రాశావు.

వీరుడన్నారట. ఇక్కడే ఉండి ఆడుకోమంటే వినకుండా పోయినవాడు మొండి వెధవ. ఆ మాట ఎవరూ అనరు. నేనంటాను. నాకు వాడి మీద చాలా కోపంగా ఉంది.

దాన్ని దింపించు. తొడుక్కో. నువ్వు అంత దూరం నుంచి రాలేవని తెలుసు. ఆ రోజు మధ్యాహ్నం మీ ఇంట్లోనే దాన్ని తొడుక్కుని భోజనానికి కూర్చో, నేను ఇక్కడ వాడి చోట నీ పేరు చెప్పి వడ్డిస్తాను. చాలు.

పరాస్కా

(హాఫియా. మీ తప్పేమీ లేదు. అమ్మ కోపంలో మిమ్మల్ని ఒట్టి పేరుతో పిలిచేసింది, నేను మార్చలేదు. నలభయ్యో రోజు వచ్చే మంగళవారం. చనిపోయిన రోజు నుంచి లెక్క పెట్టాలని, అది ఎప్పుడో దాటిపోయిందని మా ఫాదర్ గారు అన్నారు. "నాకు తెలియని రోజున నా కొడుకు ఎలా పోతాడు?" అని అమ్మ ఆయన నోరు మూయించింది. తంతి వచ్చిన రోజు నుంచే తన లెక్క. ఇంకో సంగతి, తనకు చెప్పకుండా రాస్తున్నాను. తంతి వచ్చినప్పటి నుంచి అమ్మ ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు.)


హామిల్టన్
19 ఫిబ్రవరి

పరాస్కా అమ్మగారికి,

చేతులు జోడించి క్షమాపణ అడుగుతున్నాను. మా ఊళ్లో పోయినవాళ్ల బట్టలు పెట్టెలో పెట్టి కర్పూరం ఉండలు వేస్తాం. మీ పద్ధతి నాకు తెలియదు.

ఫెయిర్లీ గారిని కలిశాను. ఏమన్నారో ఉన్నదున్నట్టు రాస్తాను.

"ఏం బౌద్రో, మతిగాని పోయిందా? ఊరంతా టోపీలు తీసి నిలబడింది. ఇప్పుడు దాన్ని దించి నీకు తొడగమంటావా?"

"నేను కాదండీ, వాళ్లమ్మ గారు అడుగుతున్నారు."

"పాపం, ఆవిడ దుఃఖంలో ఉంది. దుఃఖంలో ఉన్నవాళ్లు ఏవేవో అడుగుతారు. మంచి ఫొటో తీయించి, ఫ్రేము కట్టించి పంపిద్దాం. చూసుకుని మురిసిపోతుంది."

"ఆవిడకు ఫొటో అక్కర్లేదండీ."

"అయితే నువ్వు వెళ్లి ఆ జనానికి చెప్పు, మొన్న మీరు పెట్టిన దణ్ణం వెనక్కి తీసుకోండీ అని. చెప్పగలవా?"

చెప్పలేనన్నాను. ఆయన చెడ్డ మనిషి కాదమ్మా. ఆయన తమ్ముడు కూడా సముద్రం అవతలే ఉన్నాడు. ఆ జెర్సీ వేలాడే చోటికి వచ్చినప్పుడల్లా ఆయన మెడ పైకెత్తి ఒక క్షణం ఆగడం నేను చూశాను.

క్లోతిల్ద్ ఒక మార్గం చెప్పింది. అదే రంగు ఉన్ని కొని, అదే కొలతలకు, గుండెల మీద ఒకటి అంకెతో సహా కొత్తది అల్లి పెడుతుందట. రాత్రీ పగలూ కూర్చుంటే మంగళవారానికి అయిపోతుందంటోంది. దాన్ని వేసుకుని మీరు చెప్పినట్టే భోజనానికి కూర్చుంటాను. ఒప్పుకోండి.

మరోమాట. మీరు అతన్ని మొండి వెధవ అన్నారు. నిజమే. నేను వేరే జట్టులో ఉన్న రోజుల్లో ఒక ఆటలో అతని కనుబొమ్మ చిట్లి, మొహమంతా రక్తం. బయటికి రమ్మంటే రాలేదు. ఆట అయ్యాక ఆ కుట్లతోనే మా గదికి వచ్చి, "ఏం బౌద్రో, ఓడిపోయినవాళ్లకు ఆకలెక్కువ" అని వెల్లుల్లి వేసిన సాసేజి సగం తుంచి నా చేతిలో పెట్టాడు. అది మీరు చేసి పంపినదే అయి ఉంటుంది.

అర్మాండ్


కాలినా
29 ఫిబ్రవరి

అర్మాండ్ బాబూ,

నీ ఉత్తరం మంగళవారం దాటాక అందింది. నీ నుంచి కబురు లేక ఆ మంగళవారం ఇంట్లో బల్ల వేయలేదు. ఆ రోజు భోజనంలో తేనె కలిపి పెట్టాలని గోధుమలు ఉడికించాను గాని, కలపకుండా కోళ్లకు వేసేశాను. పాలేరు వాడి బూట్లు తొడుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడితే, ఈ రోజు కాదులే నాయనా అని పంపేశాను. ఫాదర్ గారు మొహం ముడుచుకున్నారు.

మీ ఆవిడ కొత్తది అల్లనక్కర్లేదు. ఆమె మనసు మంచిదని చెప్పు. కొత్త చొక్కాలో ఎవరి చెమటా ఉండదు.

నీ యజమాని పంపిన ఫొటో వచ్చింది. బంగారు రంగు ఫ్రేము. చొక్కా చేతులు రెండూ చాచి కర్రకు తొడిగారు. పొలంలో దిష్టిబొమ్మకు కూడా చొక్కా తొడుగుతాం, దాని లోపల గడ్డి అయినా ఉంటుంది. గోడ వైపు తిప్పి పెట్టాను.

నీ మీద నాకు కోపం లేదు. నువ్వు మర్యాద కోసం చేశావు, నీ యజమాని గౌరవం కోసం చేశాడు. అందరూ మంచివాళ్లే. ఇక ఈ సంగతి వదిలేయి. నీ ఉద్యోగానికి ముప్పు తెచ్చుకోకు. ఆ సాసేజి నేను చేసిందే. వాడికి సగం ఇచ్చే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది.

పరాస్కా

(హాఫియా. అమ్మ పాలు పితుకుతుంది, రొట్టె కాలుస్తుంది, నాతో మామూలుగానే మాట్లాడుతుంది. కానీ పని అయిపోగానే కోటు తొడుక్కుని, తలకు గుడ్డ కట్టుకుని, తలుపు పక్క బెంచీ మీద కూర్చుంటుంది. ఎక్కడికమ్మా అంటే ఎక్కడికీ లేదే అంటుంది. వాడు బయట నిలబడి ఉన్నాడు, తను లోపల వెచ్చగా కూర్చోవడం బాగుండదని ఒకసారి నోరు జారింది. నేను ఏమీ చేయలేకపోతున్నాను. వాడు నాకూ తమ్ముడే. నాకూ ఏడవాలని ఉంది. అమ్మ కంటే ముందు నేను ఏడవడం ఎలా? ఇవన్నీ మీకెందుకు రాస్తున్నానో తెలియదు. ఏమీ చేయమని అడగడం లేదు.)


హామిల్టన్
12 మార్చి

పరాస్కా అమ్మగారికి, హాఫియా అక్కకు,

హాఫియా అక్క రాసింది నేను వారం రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. అది క్లోతిల్ద్ కంట పడింది. చదివి, తన కోటు తొడుక్కుంది. ఎక్కడికే అన్నాను. "నిచ్చెన నువ్వొక్కడివే పట్టుకోలేవు కదా" అంది.

నిన్న శనివారం మధ్యాహ్నం, ఆటకు ముందు, రింకు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లాం. మంచు చదును చేసే మనిషి నిచ్చెన చూపించి, తనకేమీ తెలియదని, తను టీ తాగడానికి వెళుతున్నానని చెప్పి వెళ్లిపోయాడు. నా మోకాళ్ల సంగతి ఆ దేవుడికి తెలియాలి. సగం ఎక్కేసరికి నిచ్చెనను కావలించుకున్నాను. కింద నుంచి క్లోతిల్ద్ ఒకటే గోల. "పడితే పక్కకు పడవయ్యా, కింద నేనున్నాను! ఆవిడకు ఒక చొక్కా చాలు, రెండు శవాలెందుకు?" అని. మొత్తానికి దించాను. దుమ్ము పట్టి ఉంది. దులుపుతుంటే భుజం మీద మీ అతుకు చేతికి తగిలింది.

జట్టు మంచు మీదకు వెళుతున్నప్పుడు నేను బూట్ల తాళ్లు కడుతున్నట్టు వెనక ఉండిపోయాను. అందరూ వెళ్లాక ఇరవయ్యో నంబరు విప్పి, ఇది తొడుక్కుని వెళ్లాను.

ఎవరూ మాట్లాడలేదమ్మా. అంత జనంలో చడీచప్పుడు లేదు. ఒకాయన టోపీ తీయాలో వద్దో తెలియక సగం తీసి పట్టుకున్నాడు. ఫెయిర్లీ గారు తన కుర్చీలో నుంచి లేచి మళ్లీ కూర్చున్నారు. ఆట మొదలైపోయింది, ఇక ఆపడానికి లేదు.

ఇప్పుడు చెప్పబోయేది మీకు చెప్పకుండా ఉంటే బాగుండును. కానీ దాచకుండా రాయమన్నారు.

మొదటి గోల్ పడింది. జనం ఊరుకున్నారు. రెండోదీ పడింది, ఊరుకున్నారు. మూడోది నా కాళ్ల సందులో నుంచి పోయింది. చంటిపిల్లలు కూడా ఆపగలిగేదది. అప్పుడు పైవరసలో నుంచి ఎవరో ఆగలేకపోయాడు. "ఒరేయ్ ఒకటో నంబరూ, కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా!" అన్నాడు. అంతే, గట్టు తెగింది. "ఒకటో నంబరూ, తలుపు మూసుకోరా, చలి వస్తోంది!" "వాడికి చీపురివ్వండ్రా, ఊడ్చుకుంటాడు!" "ముసలి గుర్రమా, పోయి గడ్డి తిను!" ఒకడు సగం కొరికిన ఆపిల్ విసిరాడు. అది వచ్చి గుండెల మీద అంకెకే తగిలింది. మొత్తం ఏడు గోల్స్. మా క్లబ్బులో ఈ ఏడాది ఇంత పరాభవం ఇదే.

మీ అబ్బాయి ఆ చొక్కాలో ఏనాడూ ఇన్ని మాటలు పడి ఉండడు. ఆ మాటలన్నీ నేను అతని మీదకు తెచ్చాను. ఆట అయ్యాక చాలాసేపు ఆ జెర్సీ విప్పకుండా గదిలో కూర్చుండిపోయాను.

ఫెయిర్లీ గారు వచ్చారు. అరుస్తారనుకున్నాను. అరవలేదు. నన్ను, ఆపిల్ మరకను చూసి ఎదురు బెంచీ మీద కూర్చున్నారు.

"ఇప్పుడు దీన్నేం చెయ్యమంటావు బౌద్రో? మళ్లీ పైకి ఎక్కిస్తే తల పైకెత్తినవాడల్లా నవ్వుతాడు. ఏడు గోల్స్ తిన్న చొక్కాకు ఎవడు టోపీ తీస్తాడు?"

"నాకిచ్చెయ్యండి."

"తీసుకుపో. వచ్చే ఏడాది నువ్వు మాత్రం రాకు."

"నా మోకాళ్లు ఆ మాట అంతకు ముందే చెప్పాయండి."

ఆయనకు నవ్వు వచ్చింది, నాకూ వచ్చింది. ఇంకా మూడు ఆటలు మిగిలి ఉన్నాయి. వేరే గోల్ కీపర్ లేడు కాబట్టి అవి నేనే ఆడాలి. ఆ తర్వాత ఫ్యాక్టరీ ఒక్కటే.

చొక్కా ఇప్పుడు నాది. కానీ పరువుగా ఉన్నదాన్ని దించి, మురికి చేసి మీ ముందు పెడుతున్నాను. మీరు తిట్టినా పడతాను.

అర్మాండ్


కాలినా
22 మార్చి

నాయనా అర్మాండ్,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. హాఫియా చదువుతూ ఉంది. నువ్వు నిచ్చెన ఎక్కిన దగ్గర నాకు భయమేసింది. అందరూ చప్పుడు చేయకుండా కూర్చున్న దగ్గర నాకు నచ్చలేదు. ఇంకా వాడు చచ్చిన దగ్గరే ఉన్నారు అనుకున్నాను.

తర్వాత తిట్లు వచ్చాయి. హాఫియా ఆగిపోయింది. "వద్దమ్మా, ఇవి చదవను" అంది. "ఒట్టు వేశావు, చదువు" అన్నాను. చదివింది. మళ్లీ చదవమన్నాను. తలుపు మూసుకోమన్న మాట దగ్గర నాకు నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాను. గుర్రం మాట దగ్గర హాఫియా కూడా నవ్వింది. నవ్వుతూనే ఏడుపు వచ్చేసింది, బాబూ. బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. హాఫియా వచ్చి నా వీపు మీద పడి అదీ ఏడ్చింది. బయట ఆవులు పాలకు అరుస్తున్నా లేవలేదు.

నువ్వు సిగ్గుపడుతున్నావు. నీకు ఎలా చెప్పను? తంతి వచ్చినప్పటి నుంచి ఎవరు వచ్చినా గొంతు తగ్గించి, చేతులు కట్టుకుని మాట్లాడారు. నా కొడుకును ఎవరూ ఒక్క మాట అనలేదు. బతికి ఉన్నప్పుడు వాడిని తిట్టనివాడెవరు? నేను తిట్టాను, వాళ్ల నాన్న తిట్టాడు, బడిలో పంతులు తిట్టాడు. చచ్చినవాణ్ని ఎవరూ తిట్టరు. ఒకటో నంబరూ, కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా అని వాడెవడో అరిచాడే, ఆ పైవరసలో కూర్చున్నవాడు, వాడు చల్లగా ఉండాలి. వాడి ముందు ఆ చొక్కాలో బతికున్న మనిషి కనిపించాడు. కనిపించాడు కాబట్టే అరిచాడు.

ఈ ఉదయం లేచి పాలు పితికాక, బెంచీ మీద కూర్చోవాలని గుర్తు రాలేదు. హాఫియా చెబితే తెలిసింది.

ఈ ఆదివారానికి నీకు ఉత్తరం అందదేమో, అందుకని ఆ పై ఆదివారం బల్ల వేస్తున్నాను. నలభయ్యో రోజు ఎప్పుడో దాటిందని ఫాదర్ గారు మళ్లీ మొదలుపెట్టారు. మీకు ఆకలైతే రండి, లేకపోతే మానేయండి అన్నాను. వస్తానన్నారు. గోధుమలకు తేనె కలుపుతాను. పాలేరు బూట్లతో వస్తాడు, ముసలాయన కోటుతో వస్తాడు. వాడి చోట పళ్లెం పెట్టి నీ పేరు చెప్పి వడ్డిస్తాను. నువ్వు అక్కడ చొక్కా తొడుక్కుని కూర్చుని తిను. మరక అలాగే ఉంచి తొడుక్కో. తిన్నాక వాడి పేరు చెప్పు. మీ ఆవిడ పక్కన కూర్చుని నీకు రెండోసారి వడ్డించాలి, ఆమెకు ఆ మాట చెప్పు.

యుద్ధం అయ్యాక ఇద్దరూ రండి. సాసేజి మొత్తం నీకే.

ఇంకా మూడు ఆటలు ఉన్నాయన్నావు. నాకు ఆ ఆట తెలియదు గాని, ఏడు ఎక్కువేనని హాఫియా అంటోంది. కొన్నయినా ఆపు.

ఆటలు అయిపోయాక ఆ చొక్కా ఫ్యాక్టరీకి తొడుక్కుపో, చలికి బాగుంటుంది. మసి అంటితే అంటనీ. చిరిగితే మీ ఆవిడ చేత కుట్టించుకో. కుట్టడానికి వీలు లేనంతగా చిరిగిపోయిన రోజున, దాన్ని గుడ్డపేలికలు చేసి నేల తుడుచుకోండి.

మీ అమ్మ
పరాస్కా